కత్తిని ముందల పెట్టుకొని కుట్టాలె: ఆర్డర్ మీద తోలు ఒర ఎలా చెయ్యాలి

కత్తి ఒర అంటే తోలు ముక్కలు అతికిచ్చి అంచు పొంటి కుట్టుడే కదా అనుకుంటరు చాలామంది, నేను గూడ అట్లనే అనుకొని మొదటి ఆర్డర్ పట్టుకున్న. హన్మకొండల మాకు తెలిసిన మటన్ షాపు అన్న ఒకాయన మేడారం జాతరకి పోతున్నడు, అక్కడ నాలుగు రోజులు పొద్దంతా కోసుడే ఉంటది కదా, కత్తులు ఊరికెనే సంచిల వేసుకపోతే మొన దెబ్బతింటదని మూడిటికి ఒరలు అడిగిండు. కోసిన, గమ్ పెట్టిన, కుట్టిన, నల్ల పాలిష్ కొట్టి ఇచ్చిన, చూస్తందుకు షోరూంల వస్తువు లెక్క ఉండె. జాతర అయిన వారానికి ఆయన వచ్చి ఒక ఒర తీసి ముందల పెట్టి ఊకున్నడు. కత్తి లోపలికి పోయినప్పుడల్లా పదును పోయి డైరెక్టు కుట్టు మీదనే కూసుంటున్నది, ఒక్కొక్క దారం తెంపుకుంట తెంపుకుంట మొన దగ్గర నాలుగు వేళ్ళంత నోరు తెరిచింది. సంచి చినిగింది, చెయ్యి తెగలే, గదే నయం. మూడు వాపస్ తీసుకొని మళ్ళ కొత్తయి పైసలు తీసుకోకుంట చేసిచ్చిన. అప్పటిసంది కత్తి నా ముందల లేకుంట తోలు మీద గీత గూడ గీస్తలేను.

ఇక్కడ చెప్పేది మడత ఒర గురించి, అంటే ఒకటే తోలు ముక్కని కత్తి వీపు వైపు మడిచి పదును వైపు కుట్టే రకం. 6 ఇంచుల బ్లేడ్ ఉన్న మామూలు కత్తి అనుకోండి. ఇది చెయ్యొస్తే మిగతా రకాలకి భయపడే పని లేదు.

కస్టమర్‌ని ఏమేం అడగాలె

ఫోన్ చేసి "తమ్మీ, ఎనిమిది ఇంచుల కత్తి ఉన్నది, ఒర చేసిపెట్టు" అంటే సరే అనకండి. ఎనిమిది ఇంచులు అంటే ఒకాయన పిడితో కలిపి చెప్తడు, ఇంకొకాయన బ్లేడ్ ఒక్కటే చెప్తడు. కత్తి తెచ్చి ఇయ్యమనండి, నాలుగైదు రోజులు మీ దగ్గర్నే ఉంటదని ముందే చెప్పండి. జగిత్యాల, మంచిర్యాల దిక్కు నుంచి అడిగేటోళ్ళు కత్తి పంపలేమంటరు, అప్పుడు ఒక తెల్ల కాగితం మీద కత్తి పెట్టి పెన్సిల్‌ని నిలువుగ పట్టుకొని చుట్టూ గీసి ఆ కాగితాన్నే పోస్టుల పంపమనాలె. ఉత్త ఫోటో నమ్మొద్దు, ఫోన్ జర వంకర పట్టుకున్నా కొలత మారిపోతది. దాంతోపాటు మందం మూడు జాగల కావాలె, బ్లేడ్ వీపు దగ్గర, పిడి మొదలయ్యే కాడ, పిడి బాగ ఉబ్బి ఉన్న కాడ. ఆ కొలతలతోని ప్లైవుడ్ ముక్కల మీద ముక్క అతికిచ్చి, రాకి ఒక కట్టె కత్తి తయారు చేసుకోవాలె, అది లేకుంట దూరం ఆర్డర్ చేస్తే సగం సార్లు వాపస్ వస్తది.

తర్వాత ఏ చెయ్యి అని అడగండి. ఎడమ చేతి వాటం ఉన్నోళ్ళు తమంతట తాము చెప్పరు, జీవితమంతా కుడిచేతి వస్తువులతోనే సర్దుకుంట వచ్చినోళ్ళు కదా. ఎట్ల తీస్తవో చూపెట్టన్నా అని కత్తి చేతికిచ్చి నడుము దగ్గర పెట్టుకొని తీయమనండి, పదును ముందుకు ఉంటదా వెనకకి ఉంటదా అప్పుడే కనబడ్తది, అది రాసుకోండి. బెల్ట్ వెడల్పు కొలవండి. బండి మీద తిరుగుతడా అడగండి, ఎందుకంటే నిలబడ్డప్పుడు మంచిగున్న పొడుగు ఒర బండి మీద కూసోంగనే కింది మొన సీటుకి తగిలి పిడి వచ్చి పక్కటెముకల్ల పొడుస్తది. అసొంటోళ్ళకి బెల్ట్ కింద ఊగేటట్టు ఒక రింగుతో వేలాడదీయాలె.

ఒక గౌడన్న వచ్చిండు మొన్న, తాటిచెట్టు మీద ఒక చెయ్యి ఎప్పటికీ ఖాళీ ఉండదు, ఇంకొక చేత్తోనే తియ్యాలె దాంతోనే పెట్టాలె, బటన్ గిటన్ వద్దు అన్నడు. ఆయన చెప్పేదాకా నాకు ఆ ఆలోచనే రాలే, నేను టిచ్ బటన్ పట్టీ గీసి పెట్టుకున్న. నోరు జర వెడల్పు చేసి, ఒక వైపు తోలు ఇంకో వైపు కన్నా వేలెడు ఎక్కువ ఉంచిన, చూడకుంట చెయ్యి పెట్టినా మొన ఆ నాలుకకి తగిలి లోపలికి జారుతది.

ఒక మాట, ఆయుధాల చట్టం 1959 కింద వచ్చిన 2016 రూల్స్‌ల 9 ఇంచుల కన్నా పొడుగు లేకపోతే 2 ఇంచుల కన్నా వెడల్పు బ్లేడ్ ఉన్న కత్తులని ఆయుధాల లిస్టుల పెట్టిన్రు, ఇంటి పనికి, వ్యవసాయానికి, ఫ్యాక్టరీ పనికి చేసినవి అందుల రావు. మటన్ కత్తి వేరు, నడుముకి పెట్టుకొని పెండ్లి ఊరేగింపుల తిరిగేటందుకు బాకుకి ఒర చెయ్యమనేటోడు వేరు. రెండో రకం ఆర్డర్లు నేను పట్టుకోను.

తోలు

అన్నిటికన్నా ముందు తప్పు జరిగేది ఇక్కడనే. మార్కెట్ల దొరికే మెత్తటి బ్యాగుల తోలు, జాకెట్ల తోలు ఎక్కువ శాతం క్రోమ్ తోలు, అంటే క్రోమియం ఉప్పులతోని నానబెట్టింది, అది ఒరకి పనికిరాదు. రెండు కారణాలు. ఒకటి, తడిపి ఒత్తితే కత్తి ఆకారం పట్టుకోదు, ఆరినంక మళ్ళ మెత్తగ అయిపోతది. రెండు, అందుల మిగిలిన ఉప్పులు ఇనుముకి పడవు, కొన్నాళ్ళకి బ్లేడ్ మీద చుక్కలు చుక్కలుగ తుప్పు లేస్తది. మనకి కావాల్సింది చెట్టు బెరడుతోని నానబెట్టిన తోలు, షాపుల వెజ్ టాన్ అని అడగాలె. మన ఊర్లల్ల వెనకట లందల, అంటే తోలు నానబెట్టే తొట్లల్ల, తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ వేసి నానబెట్టిన తోలు ఇదే. బతుకమ్మల మనం పేర్చే తంగేడు పువ్వు ఉన్నది కదా, ఆ చెట్టు బెరడే. ఇప్పుడు ఊర్లల్ల లందలు కనబడుడు తక్కువ, నేను చెన్నై పెరియమేట్ నుంచి తెప్పిస్తున్న. డప్పుకి వేసే తోలు వాడొచ్చా అని ఒకతను అడిగిండు, అది పచ్చి తోలు, నానితే పేగు లెక్క సాగుతది, ఎండితే రేకు లెక్క అయితది, వద్దు.

కొనేటప్పుడు పరీక్ష సులువు. ఒక చుక్క నీళ్ళు వెయ్యండి, వెజ్ టాన్ అయితే మెల్లగ పీల్చుకొని అక్కడ రంగు ముదురుతది, క్రోమ్ అయితే చుక్క చాలాసేపు పైననే నిలబడ్తది. పైన ఫినిషింగ్ కోటింగ్ ఉంటే ఈ పరీక్ష మోసం చేస్తది కాబట్టి అంచు కోసి లోపలి రంగు గూడ చూడండి, ఒకటే గోధుమ రంగు ఉండాలె, నడుమ నీలం బూడిద రంగు గీత కనబడితే పెట్టేసి రావుడే. మందం 3 ఎం.ఎం. చాలు, చిన్న చాకులకి 2.5. బర్రె తోలు గట్టిగుంటది, రేటు గూడ తక్కువ పడ్తది. వీపు వైపు ముక్క అడగాలె, పొట్ట వైపుది చవకగ ఇస్తరు కానీ అది సాగుతది. అడుగు లెక్కన అమ్ముతరు, 6 ఇంచుల బ్లేడ్ ఒరకి బెల్ట్ లూప్‌తో కలిపి, వేస్ట్ పోంగ, ఒక చదరపు అడుగు పెట్టుకోండి.

పనిముట్లు పెద్దగ ఏం లేవు. తోలు కోసే పదునైన రంపె, రంధ్రాలు పొడిచే ఆరె, గూటం, రెండు మొద్దు సూదులు, 1 ఎం.ఎం. మైనం పట్టిన పాలిస్టర్ దారం, స్టీల్ స్కేలు, ఉప్పు కాగితం నాలుగు నంబర్లల్ల, గమ్. రంపె, ఆరె నేను మా మామ దగ్గర తీసుకున్న, ఆయన స్టేషన్ రోడ్డు మీద ముప్పై ఏండ్లు చెప్పులు కుట్టిండు, ఆ ఆరె పిడి ఆయన అరచేతి ఆకారానికి అరిగిపోయి ఉన్నది, నా చేతికి ఇప్పటికీ సరిగ కుదరదు.

కాగితం మీద ప్యాటర్న్

పాత పెండ్లి కార్డులు దాచిపెట్టుకోండి, ప్యాటర్న్‌కి వాటిని మించింది లేదు, మందంగ ఉంటయి మడత గట్టిగ నిలబడ్తది. పెద్ద కత్తి అయితే చార్టు.

కార్డు నడుమ ఒక నిలువు గీత గీసి కత్తి వీపుని ఆ గీత మీద నిలబెట్టండి, తర్వాత కత్తిని ఒక పక్కకి పడుకోబెట్టి చుట్టూ గీయండి, మళ్ళ వీపు మీదకి లేపి రెండో పక్కకి పడుకోబెట్టి గీయండి. అట్ల దొర్లిస్తే వీపు మందం, పిడి మందం అన్నీ లెక్కల వాటంతటవే వస్తయి. ఇప్పుడు పదును గీత నుంచి బయటికి ఎంత వదలాలె? లెక్క చూడండి, పదునుకి నడిమి పట్టీకి (రెండు అంచుల నడుమ పెట్టే తోలు పట్టీ, కింద చెప్తా) మధ్య 3 ఎం.ఎం. ఖాళీ, నడిమి పట్టీ 10 ఎం.ఎం. వెడల్పు, చివర రాకేటందుకు 3 ఎం.ఎం., మొత్తం 16. పిడి ఉన్న కాడ ఇది సరిపోదు, పిడి గుండ్రంగ ఉంటది కాబట్టి తోలు దాని మీదకి ఎక్కి దిగాలె, అక్కడ పిడి మందంల సగం ఇంకా కలపాలె. పిడి 20 ఎం.ఎం. మందం అయితే 16కి 10 కలిపి 26. కొత్తలో అందరికీ ఒర నోరు బిగుతు వచ్చేది ఇది మర్చిపోవడం వల్లనే.

పిడి ఎంతవరకు లోపలికి పోవాలె అంటే మూడోవంతు నుంచి సగం. పిడిల ఉబ్బు ఉంటే ఆ ఉబ్బు దాటేదాక తోలు రావాలె, ఎందుకంటే కత్తిని పట్టి ఆపేది అదే, తోలు ఉబ్బు దాటి మళ్ళ లోపలికి ఒత్తుకుంటది. పిడి తిన్నగ కట్టె ముక్క లెక్క ఉంటే పట్టు దొరకదు, అప్పుడు బటన్ పట్టీ తప్పదు. కార్డు కోసి, మడిచి, స్టాప్లర్‌తో కొట్టి కత్తి పెట్టి తీసి చూడండి. కాగితం చినిగితే పోయేది పెండ్లి కార్డు, తోలు తప్పు కోస్తే పోయేది మీ లాభం.

నడిమి పట్టీ

నా మొదటి ఒరలల్ల లేనిది ఇదే. వెల్ట్ అంటరు దీన్ని. రెండు తోలు అంచుల నడుమ, మొన నుంచి నోటి దాకా, పదును పొంటి ఇంకొక తోలు పట్టీ పెట్టాలె. కత్తి దిగినప్పుడు పదును ఈ పట్టీ అంచుకి తాకుతది, కుట్టు దారం దానికి ఇంకా 5 ఎం.ఎం. అవతల ఉంటది, ఎంత గీకినా దారం దాకా రాదు. మందం కనీసం కత్తి వీపు మందమంత ఉండాలె. మన దిక్కు కమ్మరి అన్నలు లారీ కమాన్ పట్టీతో కొట్టిన కత్తులు 4, 5 ఎం.ఎం. వస్తయి, ఒక పొర తోలు చాలదు, 3 ఎం.ఎం. పట్టీ మీద సన్నగ చెక్కిన ఇంకొక పొర అతికియ్యాలె. పట్టీ పలుచగ ఉంటే పై తోలు రెండు వైపుల నుంచి లోపలికి వంగి అంచు దగ్గర అలలు అలలుగ వస్తది, కుట్టినంక దానికి మందు లేదు.

పట్టీని తిన్నగ కోసి వంచాలని చూడకండి, ప్యాటర్న్ మీద పదును గీత ఎట్ల తిరిగిందో అట్లనే కోసుకోవాలె. నోటి దగ్గర పట్టీ మూతిని ఏటవాలుగ చెక్కండి, లేకపోతే కత్తి పెట్టేటప్పుడు మొన పోయి దాని మీదనే గుచ్చుకుంటది. మొన దగ్గర చిన్న ఖాళీ వదిలి పెడితే అక్కడి నుంచి నీళ్ళు, చెత్త కిందికి పడ్తయి, వేరే రంధ్రం కొట్టే పని ఉండదు.

మడిచే ముందు చెయ్యాల్సినయి

బెల్ట్ లూప్ ముందుగాల కుట్టాలె. మడిచి అంచు కుట్టేసినంక లోపలికి సూది పోదు, చెయ్యి పోదు, ఈ సంగతి నాకు తెలుసు అయినా గూడ రెండు సార్లు మర్చిపోయిన, రెండో సారి అయితే రాత్రి పదకొండింటికి అంచు మొత్తం విప్పుకుంట కూసున్న. లూప్ లోపలి ఖాళీ బెల్ట్ వెడల్పు కన్నా 4, 5 ఎం.ఎం. ఎక్కువ ఉండాలె. దీని కుట్టు చివర్లు లోపలి వైపు ముడులు లెక్క లేవకుంట గూటంతో కొట్టి చదును చెయ్యండి, కత్తికి రాసుకోవద్దు. మీ గుర్తు, కస్టమర్ పేరు మొదటి అక్షరం గట్ల ముద్ర కొట్టేది ఉంటే అది గూడ ఇప్పుడే, తోలు చదునుగ ఉన్నప్పుడే. లోపలి వైపు పీచు పీచుగ ఉంటది, దానికి చిక్కటి తుమ్మ జిగురు నీళ్ళు రాసి స్టీల్ గ్లాసు అడుగుతోని రుద్దితే నున్నగ అయితది, కత్తికి దుమ్ము అంటదు.

గమ్ ఫెవికాల్ ఎస్ఆర్ 998 రకం, చెప్పులోళ్ళు సొల్యూషన్ అంటరు చూడండి అదే. అతికే జాగ అంతా ఉప్పు కాగితంతో గరుకు చేసి రెండు వైపులా పలుచగ రాసి 10, 15 నిమిషాలు వదలాలె, వేలు పెడితే అంటుకోనంతగ ఆరినంకనే కలపాలె. తడి మీదనే కలిపి ఎందుకు ఊడుతున్నదని తిట్టుకునేటోళ్ళు చాలామంది. ముందు పట్టీని ఒక వైపు అతికిచ్చి, మడత జాగని జర నీళ్ళతో తడిపి మడిచి, కత్తి లోపల పెట్టి చూసి, సరిపోయిందంటే రెండో వైపు అతికిచ్చి గూటంతో కొట్టాలె. తర్వాత అంచు మూడు పొరలు ఒకటే లెవల్‌కి వచ్చేదాక 120 నంబర్ కాగితంతో రాకండి.

కుట్టు

అంచు నుంచి 5 ఎం.ఎం. లోపలికి గీత గీసి 4 ఎం.ఎం.కి ఒక చుక్క పెట్టుకోండి. అన్నం తినే ఫోర్క్‌ని ఆ గీత మీద ఒత్తుకుంట పోయినా చుక్కలు సమానంగ పడ్తయి. మూడు పొరలు కలిపితే దగ్గర దగ్గర 10 ఎం.ఎం. అయితది, చేత్తో ఆరె దింపితే ముందు వైపు మంచిగ కనబడ్తది, వెనక తిప్పి చూస్తే పాము పోయినట్టు వంకర టింకర. అందుకని చేతి అలవాటు వచ్చేదాక స్టాండ్ ఉన్న డ్రిల్ మిషన్ల 1.5 ఎం.ఎం. బిట్ పెట్టి దింపండి, సిగ్గేం లేదు.

దారం లెక్క చెప్తా వినండి, ఎందుకంటే కుట్టు పొడవుకి నాలుగు రెట్లు తీసుకో అని అందరూ చెప్పేది పర్సులకి, బెల్టులకి. ఒరకి అది చాలదు. ఒక్కొక్క కుట్టుకి సూది 4 ఎం.ఎం. ముందుకి పోతది, 10 ఎం.ఎం. మందంల నుంచి అవతలికి పోతది, 14 అయింది. సూదులు రెండు, 28. అంటే 20 సెంటీమీటర్ల అంచుకి 50 కుట్లు, 1400 ఎం.ఎం., సూదులు పట్టుకునేటందుకు ఇంకొక అర మీటర్, వాపస్ కుట్లకి జర, కలిపి 2 మీటర్లు. నాలుగు రెట్ల లెక్కన 80 సెంటీమీటర్లు కోసుకున్నోనికి సగం గూడ కాకముందే దారం అయిపోతది, అది నేనే.

దారం రెండు కొసలకి రెండు సూదులు ఎక్కించి మొదటి రంధ్రంల దారం నడిమికి తేవాలె. ఎడమ సూది ముందుగాల దూర్చాలె, కుడి సూది అదే రంధ్రంల నుంచి ఇటు రావాలె, దూర్చేటప్పుడు మొదటి దారాన్ని జర వెనకకి గుంజి పట్టుకోండి, లేకపోతే సూది పోయి దారాన్నే చీల్చుకుంట పోతది. తర్వాత రెండు చేతులతో రెండు వైపులా ఒకటే బలంతో గుంజాలె. దారం తోలుల దిగి చిన్న సప్పుడు వస్తది, కిర్ర్ అని, మైనం రాసుకుంట. ఆ సప్పుడు ప్రతి కుట్టుకి ఒకే తీరు వస్తే కుట్టు గూడ ఒకే తీరు ఉంటది, మా మామ పక్కకి తిరిగి చాయ్ తాగుకుంట కూడ నా కుట్టు ఎక్కడ వదులయిందో చెప్పేటోడు. అన్నిటికీ ఎడమనే ముందు పోవాలె, నడుమ ఒక్క సారి కుడి ముందు పోయినా కుట్టు వాలు మారి కనబడ్తది. మొన దగ్గర, నోటి దగ్గర మూడు కుట్లు వెనకకి వచ్చి దారం కోసి లైటర్ చూపెడితే ముడి అవసరం లేదు. మిషన్ మీద ఎందుకు కుట్టొద్దు అంటే మిషన్ కుట్టుల పై దారం కింద దారం ఒకదానికొకటి కొక్కెం వేసుకొని ఉంటయి, ఒక కాడ తెగితే పక్క కుట్లు వరసగ వదులయితయి. ఈ చేతి కుట్టుల ఒక దారం తెగినా రెండోది అన్ని రంధ్రాలల్ల నుంచి పోయి పట్టుకొనే ఉంటది.

తడిపి ఆకారం తెచ్చుడు

నాకు బాగ ఇష్టమైన పని ఇది, భయమయ్యేది గూడ ఇదే. ముందు కత్తికి మిషన్ ఆయిల్ రాయండి, పదునుకి మాస్కింగ్ టేప్ ఒక పొర, దాని మీద వంటింట్ల వాడే క్లింగ్ ఫిల్మ్ రెండు చుట్లు, పిడితో సహా. ఇది తప్పకుండ చెయ్యాలె. తడి వెజ్ టాన్‌కి ఇనుము తగిలితే నల్లగ మచ్చ పడ్తది, తోలుల ఉన్న బెరడు రసం, ఇనుము కలిసి నలుపు పుడ్తది, కరక్కాయ, ఇనుప ముక్కలతోని నల్ల రంగు తీసుడు వెనకటి నుంచి ఉన్నదే కదా. ఆ మచ్చ పోదు. కత్తికి తుప్పు వేరే. వెనకట నిజామాబాద్ దిక్కు కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా నుంచి వ్యాపారులు వచ్చేటోళ్ళట, ఆ ఉక్కయినా ఈ కమాన్ పట్టీ అయినా తడిల పెడితే తుప్పు పట్టుడే.

బకెట్ల గోరువెచ్చటి నీళ్ళు, చెయ్యి పెడితే హాయిగ ఉండాలె, అంతే. వేడి నీళ్ళు వద్దు, వేడికి తోలు ముడుచుకపోయి రాయి లెక్క అయితది, అప్పుడు ఆ ఒర మీ కత్తికి కాదు మీ పిల్లల బొమ్మ కత్తికి గూడ పట్టదు. ఒరని ముంచంగనే బుడగలు వస్తయి, అర నిమిషం, బుడగలు తగ్గంగనే తియ్యండి. తీసినంక వెంటనే కత్తి దూర్చకండి, పై రంగు మళ్ళ జర తేలిక అయ్యేదాక ఒక పది పదిహేను నిమిషాలు ఆగండి, అప్పుడు తోలు మైదా ముద్ద లెక్క ఉంటది, గోరు గుచ్చితే గోరు గుర్తు అట్లనే నిలబడ్తది. ఉంగరాలు తీసేయండి, గోర్లు కోసుకోండి, ఒక్క గోరు గీత పడితే అది ఆ ఒర ఉన్నన్ని రోజులు ఉంటది.

కత్తి దూర్చి బొటనవేళ్ళతో పిడి చుట్టూ, నడిమి పట్టీ పక్క పొంటి ఒత్తుకుంట రండి. పిడి ముగిసి బ్లేడ్ మొదలయ్యే గుంత దగ్గర స్టీల్ గరిటె కాడ వెనక వైపుతోని మెల్లగ రుద్దండి, పిడి ఉబ్బు దాటినంక తోలు లోపలికి దిగాలె. పదునైన గీతలు కావాలని ఆశపడి బ్లేడ్ మొత్తం అచ్చు దించకండి, నోటి దగ్గర పిడి దగ్గర పట్టు ఉంటే చాలు, కింద వదులుగనే ఉండాలె. ఒక గంట అయినంక చూస్తే ఆకారం నిలబడి ఉంటది, కత్తి మెల్లగ తీసి, తుడిచి, ఆయిల్ రాసి పక్కకి పెట్టండి, ఒరని నీడల ఆరనియ్యండి. వరంగల్ ఎండాకాలం 44 డిగ్రీల ఎండల డాబా మీద పెడితే రెండు గంటల్ల ఎండుతది కానీ మడత దగ్గర పగుళ్ళు వస్తయి. ఫ్యాన్ కింద ఒక రోజు, వానాకాలం అయితే మూడు రోజులు, ముసురు పట్టినప్పుడు రోజూ చూసుకోవాలె, బూజు ఒక్క రాత్రిల వస్తది.

ఎండినంక కత్తి పెట్టి తలకిందులుగ చేసి మూడు సార్లు గట్టిగ ఊపండి, కింద మంచం పరుపు ఉండాలె, కాళ్ళు ఉండొద్దు. జారితే మళ్ళ నోరు ఒక్కటే తడిపి ఒత్తాలె. బిగుతు అయితే కత్తికి ఇంకొక చుట్టు టేప్ చుట్టి తడిపి పెట్టాలె. రెండో సారి గూడ కుదరలేదంటే ప్యాటర్న్ తప్పు, ఒత్తుకుంట కూసోకండి, కొత్తది కొయ్యండి.

అంచు, రంగు, లెక్క

అంచుని 220, 400, 600 వరసగ రాకి, నీళ్ళు అద్ది నున్నటి కట్టెతోని గబగబ రుద్దితే వేడికి మెరుపు వస్తది, చివరికి తేనె మైనం. రంగు వెయ్యకుంటనే నాకు ఇష్టం, వాడుకుంట పోతే అదే ముదురుతది. నలుపే కావాలంటే ఇనుప పీచు వెనిగర్‌ల వారం నానబెట్టిన నీళ్ళు రాయండి, నిమిషాలల్ల నల్లగ అయితది, తర్వాత వంట సోడా నీళ్ళతో కడగకపోతే ఆ పులుపు లోపలనే ఉండి బ్లేడ్‌ని తింటది. నూనె తక్కువ. నీట్స్‌ఫుట్ ఆయిల్ (పశువుల కాళ్ళ ఎముకల నుంచి తీసే నూనె) బట్ట మీద వేసి ఒక చెయ్యి, అంతే, తేనె మైనం ఒక వంతు నూనె రెండు వంతులు కరిగించిన పూత పైన. మంచి నూనె, కొబ్బరి నూనె దండిగ పోస్తే ఒర చెప్పు లోపలి అట్ట లెక్క మెత్తగ అయి పట్టు పోతది.

రేటు చెప్పేటప్పుడు తోలు, దారం ఖర్చు ఒక్కటే చూసుకుంటే మునిగిపోతరు. మొదట్ల ఒక ఒరకి ఆరు గంటలు పడ్తది, గంటకి 150 అనుకున్నా కూలే 900, దాని మీద సామాను. ఆన్‌లైన్ల మూడు వందలకే వస్తున్నది కదా తమ్మీ అంటరు, అది ఏ కత్తికైనా వచ్చే ఒర అన్నా, అంటే ఏ కత్తికీ సరిగ రాదు అని నవ్వుకుంట చెప్పండి. సగం అడ్వాన్స్ తీసుకున్నంకనే తోలు కొయ్యండి, ఒకరి కత్తికి చేసింది ఇంకొకరికి అమ్మరాదు.

ఇచ్చేటప్పుడు నోటితో చెప్పాలె, చీటీ రాసిస్తే చదవరు: కత్తి కడిగి తుడిచి ఆరబెట్టినంకనే ఒరల పెట్టాలె, నెలల తరబడి ఒరలనే ఉంచొద్దు, తోలు తేమ పట్టుకుంటది. మటన్ షాపు అన్నకి ఇదే చెప్తే "నా కత్తికి అంత తీరిక ఏడిది" అన్నడు, ఆయనకి ఆ బాధ లేదు.

ప్యాటర్న్ కార్డు పారెయ్యకండి. దాని మీద పేరు, తారీఖు, తోలు మందం, పట్టీ ఎన్ని పొరలు, ఏ చెయ్యి, బెల్ట్ వెడల్పు రాసి గోడ మేకుకి గుచ్చండి, ఎందుకంటే దసరా ముందట అదే మనిషి ఫోన్ చేసి "తమ్మీ, అసొంటిదే మా బామ్మర్దికి ఇంకొకటి" అంటడు, అప్పుడు బామ్మర్ది కత్తి తెమ్మనండి.